ఇంటి కంప్యూటరునకు లినక్సు

మన పెద్దలు ఒక వస్తువును పాఱవేయుటకు ముందు పలుమాఱులు ఆలోచించెడివారు. చిల్లుపడిన బిందెకు మాటు వేయించెడివారు. మొక్కవోయిన కొడవలికి కక్కు కొట్టించెడివారు. చినిగిన చీరలను చేర్చి బొంతగా కుట్టుకొనెడివారు. వస్తువు పాతబడుట వేఱు, పనికిరాకపోవుట వేఱు అను సంగతి వారికి బాగుగా తెలియును. నేడు మన యిండ్లలో నున్న కంప్యూటరుల విషయమున ఈ భేదమును మనము మరల గుర్తింపవలసియున్నది.

విండోసు 10 అను వ్యవస్థను మైక్రోసాఫ్టు సంస్థ 2015 జూలై 29వ తేదీన విడుదల చేసెను. పది సంవత్సరములపాటు అది లోకమునందలి కోట్లకొలది కంప్యూటరులను నడిపెను. 2025 అక్టోబరు 14వ తేదీతో ఆ సంస్థ దానికి సాధారణ పోషణను చాలించెను. ప్రత్యేకముగా పేరు నమోదు చేసికొన్న గృహస్థులకు మాత్రము మఱియొక సంవత్సరము, అనగా 2026 అక్టోబరు వఱకు, భద్రతా సవరణల నిచ్చుటకు అంగీకరించెను. పోషణ చాలించుట యనగా కంప్యూటరు ఆనాటితో ఆగిపోవునని అర్థము కాదు. అది యెప్పటివలెనే నడచును. కాని దొంగలు దూరుటకు వీలైన క్రొత్త సందులు బయటపడినపుడు వాటిని పూడ్చువారుండరు. గడియ ఊడిన తలుపుగల యింటిలో కాపురమున్నట్లగును. పోనీ, తరువాతిదైన విండోసు 11ను వేసికొందమన్నచో, దానికి టి.పి.ఎం. 2.0 అను భద్రతా సాధనము కావలెను. క్రొత్తతరమునకు చెందిన ప్రాసెసరు కావలెను. 2015 ప్రాంతమున కొన్న అనేక కంప్యూటరులకు ఈ యర్హతలు లేవు. యంత్రము చెక్కుచెదరలేదు. తెర వెలుగుచున్నది. మీటలు పనిచేయుచున్నవి. ఐనను దానిపై “పాతది” అను ముద్ర పడినది.

ఒక కుటుంబమును ఊహించుకొనుడు. తండ్రి దర్జీ. తల్లి యింటివద్ద పచ్చళ్లు పెట్టి అమ్మును. కుమార్తె మీవలెనే ఎనిమిదవ తరగతి చదువుచున్నది. వారి యింట పదేండ్లనాటి కంప్యూటరొకటి కలదు. అందులో తల్లి వ్రాసికొన్న అమ్మకపు లెక్కలున్నవి, కుమార్తె పాఠములున్నవి, గతించిన తాతగారి ఫొటోలున్నవి. క్రొత్త కంప్యూటరు కొనవలెనన్నచో తండ్రి కొన్ని నెలల సంపాదనను ధారపోయవలెను. అట్లని గడియలేని యింటిలో నుండుటయు క్షేమము కాదు. ఇట్టి కుటుంబమునకు లినక్సు ఒక మంచి మార్గము. ఆ మార్గమున ఎట్లు నడువవలెనో, దారి తెలియనిచోట ఎవరి చేయూతను ఏవిధముగా కోరవలెనో ఇచట తెలిసికొందము.

మొదట లినక్సు అనగానేమో చూతము. కంప్యూటరు యంత్రమును ఒక పాఠశాల భవనముగా భావింపుడు. గదులున్నవి, బల్లలున్నవి, నల్లబల్లలున్నవి. కాని ఏ తరగతి ఏ గదిలో కూర్చుండవలెను, గంట ఎపుడు మ్రోగవలెను, ఎవరికి ఏ పని అప్పగింపవలెను అను విషయములను నిర్ణయించు ప్రధానోపాధ్యాయుడు లేనిచో ఆ భవనమువలన ప్రయోజనము లేదు. కంప్యూటరునందు అట్టి పెత్తనము చేయు ప్రోగ్రాముల సముదాయమునకు ఆపరేటింగు సిస్టము అని పేరు. తెలుగున దీనిని నిర్వాహక వ్యవస్థ యందురు. విండోసు ఒక నిర్వాహక వ్యవస్థ. లినక్సు మఱియొకటి. ప్రధానోపాధ్యాయుడు మాఱినంతమాత్రమున భవనమును కూల్చి కట్టనక్కఱలేదుగదా! అటులనే నిర్వాహక వ్యవస్థను మార్చుటకు యంత్రమును మార్చనక్కఱలేదు.

లినక్సు పుట్టుక విచిత్రమైనది. ఫిన్లాండు దేశపు రాజధానియగు హెల్సింకి విశ్వవిద్యాలయమున లీనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి యుండెను. 1991లో అతడొక కంప్యూటరును కొనెను. చేతిలోని సొమ్ము చాలక, మిగిలిన పైకమును వాయిదాలమీద చెల్లించుటకు ఒప్పుకొనెను. విశ్వవిద్యాలయమునందలి పెద్ద యంత్రములపై నడచు యూనిక్సు అను వ్యవస్థవంటిదే తన యింటను కావలెనని అతని కోరిక. కాని దాని వెల అతనికి అందునది కాదు. అందుచేత తానే యొకదానిని రచింప మొదలిడెను. 1991 ఆగస్టు 25వ తేదీన అతడు తోడి కంప్యూటరు అభ్యాసకులకు ఒక సందేశము పంపెను. తాను సరదాకొఱకు ఒక వ్యవస్థను నిర్మించుచున్నాననియు, దానియందు ఏయే సౌకర్యములున్న బాగుండునో తెలుపవలసినదనియు అందలి సారాంశము. అప్పటికి అతని వయస్సు 21 సంవత్సరములు. చూచితిరా! లినక్సు చరిత్రయే “మీ యభిప్రాయము చెప్పుడు” అను ఒక ప్రార్థనతో ఆరంభమైనది. ఆ ప్రార్థనకు ఎందఱో బదులిచ్చిరి. ఒకరు తప్పును చూపిరి. ఒకరు దానిని దిద్దిరి. వేఱొకరు క్రొత్త భాగమును వ్రాసి పంపిరి. నాటి చిన్న ప్రయత్నము నేడు మహావృక్షమైనది. 2017 నవంబరునాటికి ప్రపంచమునందలి అత్యంత వేగవంతములైన 500 కంప్యూటరులన్నియు లినక్సుమీదనే నడచుచుండెను. మీ యింటనున్న ఆండ్రాయిడు ఫోను గర్భమునందును లినక్సు మూలభాగమే కలదు.

దీనికి ముందే, 1983లో, అమెరికాయందు రిచర్డ్ స్టాల్‌మన్ అను ప్రోగ్రాముల రచయిత “గ్నూ” అను ప్రయత్నమును ప్రకటించియుండెను. ప్రోగ్రామును వాడు మనుష్యునకు నాలుగు స్వేచ్ఛలుండవలెనని ఆతని సిద్ధాంతము. ఆ ప్రోగ్రామును ఏ పనికైనను వాడుకొనుట మొదటిది. అది యెట్లు పనిచేయుచున్నదో పరిశీలించి తనకు వలసినట్లు మార్చుకొనుట రెండవది. దాని ప్రతులను ఇతరులకు పంచిపెట్టుట మూడవది. తాను చేసిన మార్పులను గూడ లోకమునకు అందించుట నాలుగవది. ఈ స్వేచ్ఛలను కాపాడుటకై జి.పి.ఎల్. అను అనుమతి పత్రము 1989లో వెలువడెను. 1992లో టోర్వాల్డ్స్ తన లినక్సును ఆ పత్రము క్రిందకు తెచ్చెను. గ్నూ పరికరములును లినక్సు మూలభాగమును కలిసి సంపూర్ణమైన వ్యవస్థ యేర్పడెను. కనుకనే కొందఱు దీనిని గ్నూ-లినక్సు అని పిలుతురు. లినక్సు వెల లేనిదగుట నిజమే. కాని పంచుకొనుటకు అందఱికిని హక్కుండుటయే దాని అసలు గొప్పతనము. ఒక మిత్రుని కంప్యూటరునకు వేసిన లినక్సును మఱియొక మిత్రునకు వేసి యిచ్చుట నేరము కాదు, దొంగతనము కాదు, అది సత్కార్యము.

లినక్సు మూలభాగమునకు వివిధ ప్రోగ్రాములను జతచేసి, సులభముగా వేసికొనుటకు వీలగునట్లు పలు సంస్థలు పలు రూపములలో అందించుచున్నవి. ఒకే బియ్యముతో పులిహోర, దద్ధ్యోదనము, చక్రపొంగలి వండినట్లు వీని రూపములును రుచులును వేఱువేఱు. వీనిని డిస్ట్రిబ్యూషనులు అందురు. 1993లో మొదలైన డెబియన్ వీనిలో పెద్దది. 2004లో వెలువడిన ఉబుంటు దానిపై ఆధారపడినది. ఉబుంటు అనునది ఆఫ్రికా భాషలలోని మాట. తోటివారిపట్ల మానవత్వము అని దాని భావము. 2006లో వెలువడిన లినక్సు మింటు క్రొత్తవారికి అనువైనది. విండోసుకు అలవాటుపడిన కంటికి దాని తెర అంత క్రొత్తగా తోచదు. మన దేశమున సీడాక్ సంస్థ డెబియన్ ఆధారముగా బాస్ అను రూపమును సిద్ధపఱచినది. హైదరాబాదులోని స్వేచ్ఛ యను సంస్థ తెలుగు నిర్వాహక వ్యవస్థను 2005లో వెలువరించినది. లినక్సునందు తెలుగును చదువుటకును వ్రాయుటకును కొఱత లేదు. పోతన, వేమన అను మన కవుల పేర్లు పెట్టిన తెలుగు అక్షర రూపములు డెబియన్ భాండారమున ఉచితముగా లభించును.

కేరళ రాష్ట్రము ఈ విషయమున ఆదర్శప్రాయము. అచట 2001లో ఐ.టి. ఎట్ స్కూల్ అను పథకమును ప్రారంభించిరి. తరువాతి సంవత్సరములలో ప్రభుత్వ పాఠశాలల కంప్యూటరులను స్వేచ్ఛా సాఫ్టువేరునకు మార్చిరి. నేడు కైట్ అను సంస్థ తమ పాఠ్యక్రమమునకు అనువుగా దిద్దిన గ్నూ-లినక్సును ఆ పాఠశాలలకు అందించుచున్నది. పల్లెటూరి బాలబాలికలు దానిమీదనే చదువు నేర్చుచున్నారు. కావున ఇది పండితులకే గాని పామరులకు గాదను భయము నిరాధారము.

ఇక మన దర్జీ కుటుంబము సంగతికి వత్తము. లినక్సు ఉచితమే. మఱి వారికి లోపించినదేమి? తోడు. మొదటిసారి నూతిలో దిగి ఈత నేర్చువానికి గట్టున ఒకరుండవలెను. అటులనే మొదటిసారి కంప్యూటరును మార్చువానికి తెలిసినవారొకరు ప్రక్కన నున్నచో ధైర్యముగా నుండును. అడగనిదే అమ్మయినను పెట్టదని సామెత. కనుక అడుగవలెను. అడుగుటకు సిగ్గుపడరాదు. ఉచితముగా సాయము కోరుట యాచనయని కొందఱు తలంతురు. అది పొరపాటు. లినక్సు లోకమున నేడు సాయము పొందినవాడు రేపు సాయము చేయును. అచట అప్పు తీర్చుట యనగా ఇచ్చినవానికి తిరిగి యిచ్చుట కాదు. తరువాతి వానికి ఇచ్చుట.

ఎవరిని అడుగవలెను? ప్రతి పట్టణమునందును ఇంజనీరింగు కళాశాలలున్నవి. అచటి విద్యార్థులలో లినక్సు నెఱిగినవారు తప్పక యుందురు. కొన్ని కళాశాలలలో గ్నూ-లినక్సు వాడుకరుల సంఘములు గూడ కలవు. స్వేచ్ఛ వంటి సంస్థలు అట్టి సంఘములను ప్రోత్సహించుచున్నవి. కొన్నిచోట్ల ఒక దినమును నిర్ణయించి, ఎవరి కంప్యూటరును వారు తెచ్చుకొన్నచో, తెలిసినవారు దగ్గఱ కూర్చుండి లినక్సు వేయించెదరు. పాఠశాలలోని కంప్యూటరు ఉపాధ్యాయుని అడుగవచ్చును. వీధి చివరనున్న కంప్యూటరు మరమ్మతుల దుకాణమువానిని గూడ అడుగవచ్చును. ఐతే ఒక మాట. లినక్సు ఉచితము గాని, మరమ్మతుదారుని కాలము ఉచితము కాదు. దానితోనే అతని కుటుంబము బ్రదుకుచున్నది. ఎంత పుచ్చుకొందువని ముందుగనే అడిగి, ఒప్పుకొన్న కూలిని సంతోషముతో ఇచ్చుట ధర్మము. దర్జీ బిడ్డకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కఱలేదు.

ఇక ఎట్లు అడుగవలెను? ఇది ముఖ్యమైన విషయము. “మా కంప్యూటరు పనిచేయుటలేదు, ఏమి చేయవలెను?” అని యడిగినచో ఎంతటి నిపుణుడైనను ఏమి చెప్పగలడు? వైద్యునికడకు వెళ్లి “నాకు బాగులేదు” అని యూరకున్నట్లుండును. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్లనుండి, ఏ మందు వాడితివి అని ఆయన అడుగునుగదా! కనుక దర్జీగారి కుమార్తె తమ వీధిలోని ఇంజనీరింగు విద్యార్థికి ఈవిధముగా వ్రాసినదనుకొనుడు:

“అన్నగారికి నమస్కారములు. మా యింట 2014లో తయారైన కంప్యూటరు కలదు. దాని వెనుకనున్న చీటీమీది పేరును నంబరును ఈ లేఖతో పంపుచున్నాను. జ్ఞాపకము 4 జి.బి., హార్డు డిస్కు 500 జి.బి. ప్రస్తుతము విండోసు 10 ఉన్నది. అమ్మ లెక్కలు వ్రాసికొనును. నేను పాఠములు చదువుకొని తెలుగున వ్యాసములు వ్రాసెదను. ఒక ప్రింటరు గూడ కలదు. ఫొటోలు పోకుండ లినక్సు వేసికొనవలెనని మా కోరిక. నావద్ద 8 జి.బి. పెన్‌డ్రైవు ఉన్నది. మాకు ఏ రూపము తగును? మీకు తీరికయైన ఆదివారమున ఒక గంట చూపగలరా? మీరు చెప్పినది నేను వ్రాసికొని, తరువాత నేనే చేసికొనుటకు ప్రయత్నించెదను.”

ఈ లేఖలోని గుణములను గమనింపుడు. యంత్రమేదో చెప్పినది. దానితో చేయు పనులేవో చెప్పినది. పోగొట్టుకొనరానిదేదో చెప్పినది. చేతనున్న సాధనములను చెప్పినది. ఎదుటివాని తీరికను గౌరవించినది. అన్నిటికంటె మిన్నగా, నేర్చుకొనుటకు తాను సిద్ధమని తెలిపినది. ఇట్టి లేఖకు ఎవరును బదులీయక యుండరు.

బదులెట్లుండును? మొదట ఫొటోలను, లెక్కలను వేఱొకచోట భద్రపఱచుమని ఆ అన్నగారు చెప్పును. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న ప్రయోజనమేమి? లినక్సు వేయునపుడు ఒక్క మీట తప్పు నొక్కినచో హార్డు డిస్కునందలి సమస్తమును తుడిచిపెట్టుకొనిపోవచ్చును. కనుక విలువగల ప్రతి వస్తువును బయటి డిస్కుపైకి గాని, పెద్ద పెన్‌డ్రైవులోనికి గాని ఎత్తుకొనవలెను. ఎత్తుకొన్న తరువాత వానిని వేఱొక కంప్యూటరులో తెఱచి, సరిగా నున్నవో లేవో చూచుకొనవలెను. స్వంత డిస్కు లేనిచో బంధువులవద్ద నొకటి రెండుదినములు ఎరువు తెచ్చుకొనవచ్చును. తాతగారి ఫొటోలు ఒకమాఱు పోయినచో ఏ లినక్సును వానిని తిరిగి యీయలేదు.

రెండవది, రూపమును ఎంచుకొనుట. 4 జి.బి. జ్ఞాపకముగల పాత యంత్రమునకు లినక్సు మింటులోని ఎక్స్.ఎఫ్.సి.ఇ. అను తేలికరకము తగియుండును. లినక్సు మింటునకు కనీసము 2 జి.బి. జ్ఞాపకమును, డిస్కుపై 20 జి.బి. చోటును కావలెనని దానిని తయారుచేయువారే తెలిపియున్నారు, 4 జి.బి. యున్నచో సౌకర్యముగా నుండును. దానిని సొంత వెబ్‌సైటునుండియే దింపుకొనవలెను. దాని పరిమాణము సుమారు 3 జి.బి. ఇంటివద్ద నెట్టు సౌకర్యము చాలనిచో ఆ మిత్రుడే తన పెన్‌డ్రైవులో తెచ్చి యీయవచ్చును. దింపిన ప్రతి చెడకుండ, మాఱకుండ వచ్చినదని నిర్ధారించుకొనుటకు దానికొక అక్షరాంకముల ముద్ర యుండును. ఆ ముద్రను సరిపోల్చుకొనుట మఱువరాదు. 2016 ఫిబ్రవరిలో కొందఱు దుండగులు లినక్సు మింటువారి వెబ్‌సైటులో చొరబడి, అసలు ప్రతికి బదులు దొంగప్రతి లభించునట్లు కొంతసేపు చేసిరి. ముద్రను సరిచూచుకొన్నవారు ఆ మోసమును కనిపెట్టగలరు. చిన్న జాగ్రత్త పెద్ద నష్టమును తప్పించుననుటకు ఇది నిదర్శనము.

మూడవది, పరీక్ష. లినక్సునందలి గొప్ప సౌకర్యమిది. పెన్‌డ్రైవునందు దానిని ప్రత్యేక విధమున వ్రాసి, కంప్యూటరును ఆ పెన్‌డ్రైవునుండియే మొదలిడవచ్చును. కంప్యూటరును వెలిగించిన వెంటనే ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ వంటి మీటలలో నొకదానిని నొక్కవలెను. ఏ మీటయనునది తయారీదారుని బట్టి మాఱును. అంతట లినక్సు తెరపై ప్రత్యక్షమగును. హార్డు డిస్కునందలి విండోసు చెక్కుచెదరదు. పెండ్లిచూపులవంటి ఈ దశయందే అన్నియు పరీక్షింపవలెను. వై-ఫై దొరకుచున్నదా? శబ్దము వినబడుచున్నదా? ప్రింటరు అచ్చువేయుచున్నదా? తెలుగు అక్షరములు సరిగా కనబడుచున్నవా? అన్నియు బాగున్నచో ముందుకు సాగవచ్చును. లోపమేదైన నున్నచో దానిని వ్రాసికొని మిత్రునికి తెలుపవలెను. నష్టమేమియు లేదు, పెన్‌డ్రైవును తీసివేసినచో పాత విండోసే తిరిగి వచ్చును.

నాలుగవది, స్థాపన. ఇచట కంప్యూటరు ఒక ముఖ్యమైన ప్రశ్న వేయును. విండోసు ప్రక్కన లినక్సును ఉంచవలెనా, లేక డిస్కునంతయు తుడిచి లినక్సు నొక్కదానినే ఉంచవలెనా? మొదటి పద్ధతిలో రెండును ఒకే యింటిలోని రెండు వాటాలవలె నుండును. వెలిగించినపుడెల్ల ఏది కావలెనో కోరుకొనవచ్చును. క్రొత్తవారికి, సందేహముగలవారికి ఇది మేలు. రెండవ పద్ధతి తేలిక. కాని వెనుకకు తిరుగుటకు వీలులేదు. తొందరపడక, తెరపైనున్న ప్రతిమాటను చదివి, అర్థము కానిచో ఆగి అడిగి, తరువాతనే మీట నొక్కవలెను. మన యూళ్లలో కరెంటు పోవుట సామాన్యము. స్థాపన మధ్యలో కరెంటు పోయినచో పని చెడును. కనుక కరెంటు నిలుకడగా నుండు వేళను ఎంచుకొనవలెను. ల్యాప్‌టాపు ఐనచో బ్యాటరీని నిండుగా నింపుకొనవలెను.

స్థాపన ముగిసిన తరువాత చూచినచో, ఆ తల్లి లెక్కలకు లిబ్రె ఆఫీసు సిద్ధముగా నుండును. నెట్టు చూచుటకు ఫైర్‌ఫాక్సు ఉండును. పాటలకు, చిత్రములకు తగిన పరికరములుండును. మఱికొన్ని కావలసినచో ఉచిత భాండారమునుండి తెచ్చుకొనవచ్చును. ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో తెలుగున టైపు చేయుటకు గూడ వేఱు ఖర్చు లేదు. ఐనను ఖర్చే లేదనుట సత్యము కాదు. పెన్‌డ్రైవు లేనిచో కొన్ని వందల రూపాయలు కావలెను. పాత హార్డు డిస్కు మందముగా తిరుగుచున్నచో, దానికి బదులు ఎస్.ఎస్.డి. అను కదలిక లేని డిస్కును వేసినచో యంత్రము వేగము స్పష్టముగా పెరుగును. కాని దానిని మొదటినాడే కొననక్కఱలేదు. ముందు లినక్సు వేసి, కొన్నాళ్లు వాడి, అవసరమనిపించినపుడు కొనవచ్చును.

లినక్సు సర్వరోగ నివారిణి కాదను సంగతియు దాచరాదు. విండోసుకొఱకే వ్రాసిన ప్రోగ్రాములు కొన్ని దీనిమీద నడువవు. కొన్ని ప్రయాసమీద నడచును. ఉదాహరణమునకు, పెండ్లిపత్రికలు కూర్చు మన తెలుగు డి.టి.పి. పనివారు పేజ్‌మేకరును అను అక్షరములతో వాడుట అలవాటు. ఆ పనియే జీవనాధారమైనవారు విండోసును తీసివేయుటకు ముందు బాగుగా విచారింపవలెను. అట్లే కొన్ని ఆటలు లినక్సుపై నడువవు. దర్జీగారి యింట అట్టి అవసరములు లేవు గనుక వారికి చిక్కు లేదు. కనుకనే, “ఈ కంప్యూటరుతో ఏ పనులు చేయుదురు?” అని తెలిసిన సహాయకుడు మొట్టమొదట అడుగును. అది అడుగకుండ విండోసును తుడిచివేయువాడు మంచి సహాయకుడు కాడు.

సహాయమును కోరునపుడు జాగ్రత్తయు అవసరము. ఎవరో తెలియనివారు ఫోను చేసి, “మీ కంప్యూటరును దూరమునుండియే బాగుచేసెదము” అన్నచో నమ్మరాదు. లినక్సు వేయుటకు బ్యాంకు వివరములతో గాని, ఫోనుకు వచ్చు ఓ.టి.పి.తో గాని ఎట్టి పనియు లేదు. వానిని అడిగినవాడు సహాయకుడు కాడు, వంచకుడు. మఱియొక జాగ్రత్త. లినక్సునందు నల్లని తెరపై ఆజ్ఞలను టైపు చేయు పద్ధతి కలదు. సుడో అను మాటతో మొదలగు ఆజ్ఞలకు సర్వాధికారము లభించును. ఒకరు చెప్పిరిగదా యని అర్థము తెలియని ఆజ్ఞను టైపు చేసినచో సర్వమును పోవచ్చును. “ఇది యేమి చేయును?” అని అడుగుడు. మంచి గురువు ఆ ప్రశ్నకు విసుగుకొనడు.

తరువాతి దినములలో చిక్కులు వచ్చుట సహజము. ఒకనాడు ప్రింటరు మొరాయించును. ఒకనాడు తెరపై ఇంగ్లీషున ఏదో లోపము కనబడును. అట్టివేళ ఆ మాటలను పొల్లు పోకుండ వ్రాసికొనుడు, లేదా ఫోనుతో ఫొటో తీయుడు. దానికి ముందు మీరేమి చేసితిరో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. మీరే కొంత ప్రయత్నింపుడు. తీరనిచో అప్పుడు అడుగుడు. చిక్కు తీరిన తరువాత, “మీరు చెప్పినట్లు చేసితిని, ఇపుడు బాగుగా నున్నది” అని తప్పక తెలియజేయుడు. ఆ ఒక్కమాట సాయము చేసినవారికి తృప్తి నిచ్చుటయే గాక, అదే చిక్కుగల మఱియొకరికి దారి చూపును.

దర్జీగారి కుమార్తె ఒక నోటుపుస్తకము పెట్టినదనుకొనుడు. ఏ మీట నొక్కినది, ఏ లోపము వచ్చినది, అది యెట్లు తీరినది అను సంగతులను తేదీలతో సహా అందులో వ్రాసికొన్నది. ఆఱు నెలలు గడచునప్పటికి ఆ పుస్తకము సగము నిండును. అపుడు ఎదురింటి కిరాణా దుకాణదారు తన పాత కంప్యూటరును తెచ్చి, “అమ్మాయీ, దీనికి నీవు వేసినదేదో వేసిపెట్టుదువా?” అని అడుగును. ఆమె నోటుపుస్తకమును తెఱచి, “ముందు మీ లెక్కలను భద్రపఱచుకొనుడు, బాబాయిగారూ, తరువాత మొదలుపెట్టుదము” అనును. ఆ దినమున ఆమె అప్పు తీరినట్లు. నిజమునకు అది తీరుట కాదు, పెరుగుట. దీపమునుండి దీపమును వెలిగించినట్లు.

విద్యార్థులారా! హెల్సింకిలో వాయిదాలపై కంప్యూటరు కొన్న యువకుడు ఇతరుల సలహాను కోరినాడు. తెలియని దేశముల వారు అతనికి బదులిచ్చినారు. ఆనాటి పరస్పర సహాయమే నేడు మన వీధులలోని పాత యంత్రములకు ఆయువు పోయుచున్నది. ధనము లేనిచోట వినయము, ఓర్పు, జాగ్రత్త యను మూడును మూలధనముగా పనిచేయును. అడుగుటకు వెనుదీయకుడు. అడిగినపుడు తేటగా అడుగుడు. నేర్చినదానిని దాచుకొనకుడు. మీ యింటనో, మీ పాఠశాల మూలగదిలోనో దుమ్ముపట్టిన కంప్యూటరున్నచో, దానిని పాత యినుపసామానుల బండికి వేయుటకు ముందు ఒక ఆదివారమున ఒక పెన్‌డ్రైవుతో పరీక్షించి చూడుడు.